బురుల్చా పెట్టెలో ముప్ఫై ఒక్క గుడ్డలు

సైరాకాన్ జీవితంలో కోరుకున్నది ఒక్కటే. తను వేసిన బొమ్మలన్నీ ఒకే గోడకి వేలాడుతుంటే, పట్టపగటి వెలుతురులో, పదడుగుల దూరంలో నిలబడి ఒక్కసారి చూసుకోవాలి. పక్కన ఎవరూ లేకపోయినా సరే, మెచ్చుకునే నాలుక ఒక్కటీ లేకపోయినా సరే. ముప్ఫై ఏళ్ళు బొమ్మలు వేసిన మనిషి ఇంతకంటే తక్కువ ఏం అడుగుతుంది? ఆ కాస్తా దక్కలేదు.

బొమ్మలంటే గుర్రాలూ, మంచుకొండలూ, గొర్రెలకాపరి మీసాలూ అనుకునేరు. అవి ఆవిడకి రాక కాదు, కడుపు నింపుకోవడానికి అవీ వేసింది. తనకోసం వేసుకున్న వాటిలో మాత్రం ఏ ఆకారమూ లేదు. ఒక ఎరుపు వచ్చి ఒక నీలాన్ని ఆనుకుని ఆగిపోతుంది, ఒక బూడిదరంగు అంచుదాకా వెళ్ళి వెనక్కి తగ్గుతుంది, అంతే.

ఈ పిచ్చి అంటించింది తల్లి బురుల్చానే, తెలియక అంటించింది. నారిన్ పట్టణం దాటాక కొండల మధ్య ఉన్న టెరెక్‌బులాక్‌లో ఉన్ని తివాచీ చెయ్యడంలో బురుల్చాని మించిన చెయ్యి లేదు. రెల్లుచాప మీద రంగురంగుల ఉన్ని పేర్చి, మరిగే నీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టేసి, ఆడవాళ్ళంతా వరసగా నిలబడి కాళ్ళతో తన్నుతూ దొర్లించేవాళ్ళు. విప్పగానే మిగతా ఆడపిల్లలు పొట్టేలు కొమ్ముల ముగ్గు ఎంత బాగా కుదిరిందో చూసేవాళ్ళు. సైరాకాన్ ముక్కు తివాచీకి ఆనించి, ఎర్ర ఉన్ని నల్ల ఉన్నిలోకి ఎక్కడ పాకిందో వెతికేది. తల్లి చెవి పట్టుకు లేపేది.

“కొమ్ము చూడవే అంటే ఆ మరక చూస్తావేంటి?”

“మరకే బాగుందమ్మా.”

“బాగుందా? నీ పెళ్ళికి మరకల తివాచీయే పరుస్తాలే, అత్తగారు తన్ని తగిలేస్తుంది!”

అయినా చేతిలో పనితనం ఉందని బడిపంతులు పట్టుబట్టి పదహారో ఏట రాజధాని ఫ్రూంజెలోని చిత్రకళ బడికి పంపించాడు. అక్కడ గుర్రం కీళ్ళు నేర్చుకుంది, వేళ్ళ ముడతలు నేర్చుకుంది. చివరి ఏడాది ఛాతీమీద పతకం పెట్టుకుని పాలు పితుకుతున్న అమ్మాయి బొమ్మ వేసి మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ బొమ్మ ఒక సామూహిక క్షేత్రం భోజనశాలలో చాలాకాలం వేలాడింది. దాని మాట ఎత్తితే ఆవిడ చెవులు మూసుకునేది.

చదువు కాగానే ఒక నాటకశాలలో తెరలు వేసే పని దొరికింది. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. గుడ్డని గోడకి కాదు, నేలమీద పరుస్తారు. చీపురుకర్ర అంత పొడుగున్న కుంచె పట్టుకుని, కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కుని, గుడ్డమీదే నడుస్తూ వేస్తారు. దగ్గర నిలబడితే ఏమీ తెలియదు, నిచ్చెనెక్కి పైనుంచి చూడాలి. రంగు కూడా డబ్బాల్లో వచ్చే జిడ్డు రంగు కాదు, నీళ్ళలో కలిపే పొడి. అది గుడ్డలోకి ఇంకుతుంది గానీ పైన పెచ్చు కట్టదు. ఎండాక గుడ్డ గుడ్డలానే మెత్తగా ఉంటుంది. ఒకచోటినుంచి ఇంకోచోటికి మడిచి తీసుకుపోవడానికి నాటకాలవాళ్ళకి అదే వీలు.

ఒక ఆదివారం పనిశాలలో ఎవరూ లేరు. తెర కత్తిరించగా రెండు బారల గుడ్డ మిగిలింది, బకెట్లో ఎర్రరంగు మిగిలింది. సైరాకాన్ దాన్ని పారబోయడానికని ఎత్తి, పారబోయకుండా గుడ్డమీదే ఒంపింది. రంగు పాకుతుంటే చిన్నప్పుడు చాప విప్పినప్పటి గుబులు మళ్ళీ పట్టుకుంది. అలా మొదలైంది. అప్పటికి ఆవిడకి ఇరవై ఏడు.

ముప్ఫై రెండో ఏట ఒక పొరపాటు చేసింది. యువకళాకారుల ప్రదర్శన పెడుతున్నారంటే అలాంటి గుడ్డ ఒకటి తీసుకెళ్ళి తగిలించింది. మూడోరోజు కళాకారుల సంఘం నుంచి పిలుపొచ్చింది. పొడుగాటి బల్లకి అటువైపు పెద్దలు కూర్చున్నారు, ఇటువైపు ఈవిడని నిలబెట్టారు.

“ఇదేంటి?”

“బొమ్మండి.”

“దేని బొమ్మ?”

“దేనిదీ కాదండి.”

“దేనిదీ కాని బొమ్మ ఎవరికోసమమ్మా? పొద్దున్నే లేచి పాలు పితికే ఆడదానికి ఇది ఏం చెబుతుంది?”

“మా అమ్మ పొద్దున్నే లేచి పాలే పితుకుతుందండి. అడిగొచ్చి చెబుతాను.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. తప్పు ఒప్పుకుని ఏడిస్తే వదిలేసేవాళ్ళేమో గానీ, పెద్దలని నవ్వులపాలు చేస్తే ఎవరు ఊరుకుంటారు? ఇక ఏ ప్రదర్శనలోనూ ఆవిడ పేరు కనపడకూడదని తేల్చేశారు. నాటకశాల పని మాత్రం మిగిల్చారు, ఎందుకంటే తెరలు ఆవిడలా వేసేవాళ్ళు ఇంకొకరు లేరు. భర్త తెమిర్బెక్ చరిత్ర పాఠాలు చెప్పే పంతులు, ప్రధానోపాధ్యాయుడు కావాలని ఆశపడుతున్నవాడు. అతను కేకలు వెయ్యలేదు, కొట్టలేదు. చలికాలం కోటూ, పుస్తకాలూ సర్దుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు, తిరిగి రాలేదు.

సైరాకాన్ మాత్రం అన్న మాట ప్రకారం ఆ శరత్కాలం ఊరికి వెళ్ళి తల్లిని అడిగింది. పెరట్లో, గడ్డివాము పక్కన, ఆ గుడ్డ పరిచింది. బురుల్చా పాల చేతులు కొంగుకి తుడుచుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

“ఇదేంటే?”

“ఏమీ కాదమ్మా.”

“ఏమీ కానిదాన్ని ఇంత పెద్దగా ఎందుకేశావ్?”

“చిన్నగా వేస్తే సరిపోలేదు.”

ముసలావిడ ఇంకో చుట్టు తిరిగింది. “దీనికా నిన్ను తిట్టారు?”

“దీనికే.”

“ఇందులో ఎవరినీ ఏమీ అన్నట్టు లేదే.” వంగి ఒక మూల వేలితో తడిమింది. “ఇక్కడ ఉన్ని సరిగ్గా పట్టలేదు చూడు. వేడినీళ్ళు చాలలేదు.”

అది ఉన్ని కాదు, గుడ్డ. అయినా ఆవిడ చూపించింది సరిగ్గా ఆ మూలనే. సైరాకాన్‌కి నచ్చనిది కూడా ఆ మూలే. బల్లవెనక పెద్దమనుషుల్లో ఒక్కడికీ కనపడనిది అమ్మకి కనపడిందని ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“అమ్మా, దీన్ని ఎక్కడైనా దాచు. అక్కడ ఉంచుకుంటే కాల్చేస్తారు.”

బురుల్చా జడ చివర కట్టుకున్న తాళంచెవి విప్పి, పరుపుల దొంతర కింద ఉన్న పెట్టె తెరిచింది. ఆ పెట్టె ఇంట్లో అందరూ ఎరిగినదే, ఎవరూ ముట్టనిది. ఊళ్ళో ప్రతి పెద్దావిడకీ అలాంటిది ఒకటి ఉంటుంది. తన చావు రోజున కావలసిన తెల్లగుడ్డ, కడిగేవాళ్ళకి ఇవ్వాల్సిన బట్టలు, వచ్చినవాళ్ళకి జిర్తిష్ కోసం చించి పంచే కొత్తగుడ్డ, అన్నీ ఏళ్ళ తరబడి అందులో పోగుచేసుకుంటుంది. నిండు వయసులో పోయినవాళ్ళ జిర్తిష్ ముక్క దొరికితే వాళ్ళ ఆయుష్షు మన ఇంటికి వస్తుందని జనం ఆశగా తీసుకెళ్తారు, పిల్లల చొక్కాలకి కుట్టుకుంటారు.

“నా చావు సరంజామాలో చెయ్యి పెట్టే మొనగాడు ఎవడున్నాడే?” అంది బురుల్చా గుడ్డ మడుస్తూ. “మీ పెద్దలు కాదు, వాళ్ళ తాతలు దిగొచ్చినా దీని మూత ఎత్తరు.”

ఆ మాట నిజమే. అంత భద్రమైన చోటు ఆ కొండల్లో ఇంకోటి లేదు. ఆ మూత ఒక్క రోజున మాత్రం అందరి ముందూ తెరుచుకుంటుందని, ఆ రోజు అందులో ఉన్న ప్రతి గుడ్డకీ ఒకే అర్థం ఉంటుందని తల్లికీ తోచలేదు, కూతురికీ తోచలేదు. తల్లి చావుని గురించి ఏ కూతురు ముందుగా లెక్కలేసుకుంటుంది?

అప్పటినుంచి ప్రతి శరత్కాలం సైరాకాన్ ఒకటో రెండో గుడ్డలు మడిచి, రొట్టెల మూట కింద పెట్టుకుని బస్సెక్కేది. తమ్ముడు అసనాలి పొలం మీదికి పోయాక, మరదలు జీనప్ వాగుకి వెళ్ళాక, తల్లీకూతుళ్ళు పెరట్లో గుడ్డ పరిచేవాళ్ళు. జీనప్ మంచిదే, అత్తగారిని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. కానీ ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు, పైగా వాళ్ళన్న జిల్లా కార్యాలయంలో కూర్చుంటాడు. అందుకని జీనప్ చెవిన వెయ్యలేదు.

బురుల్చా ప్రతి గుడ్డకీ ఒక్క మాట అనేది. “ఇది చలిగా ఉంది.” “ఇందులో బాగా తొందరపడ్డావ్.” “ఇది బాగుంది, దీనిమీద నిద్రపోవచ్చు.” ఒకసారి పసుపూ బూడిదా కలిసిన దాన్ని చూసి దాని పక్కనే కూర్చుంది. “ఇది నీ మొగుడు వదిలిపోయిన ఏడాదిది కదూ?” అంది. అది నిజానికి ఆ తర్వాత పదేళ్ళకి వేసింది. అయినా సైరాకాన్ అవునంది, ఎందుకంటే వేస్తున్నప్పుడు తలుచుకున్నది ఆ ఏడాదినే. చదువురాని ఆ ముసలావిడ ఒక్కతే ఆ బొమ్మలకి ప్రేక్షకురాలు, విమర్శకురాలు, కాపలాదారు. ఇరవై ఐదేళ్ళలో పెట్టెలోకి చేరినవి ముప్ఫై ఒకటి.

సైరాకాన్ మాత్రం ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. పట్నంలో ఆవిడ గది మంచం వేస్తే తలుపు తెరుచుకోనంత ఇరుకు. ఊళ్ళో పెరట్లో ఒకటి పరచాలన్నా ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకోవాలి. ఎవరూ లేని ఆదివారాలు పనిశాల నేలమీద, పాతవాటిని తలుచుకుంటూ కొత్తవి వేసేది. పదకొండోదానిలో ఆగిపోయిన ఎరుపు ఇరవయ్యోదానిలో మళ్ళీ అందుకున్నానని ఆవిడకి నమ్మకం, కానీ అది నిజమో కాదో రెండూ పక్కన పెడితే గాని తెలియదు. ముప్ఫై ఒకటీ కలిపితే ఒకే బొమ్మ అనీ అనుమానం. ఆ అనుమానం తీర్చుకోవడానికే ఒక గోడ కావాలనుకునేది.

పందొమ్మిదివందల ఎనభై ఎనిమిది చివర్లో ఆ గోడ వెతుక్కుంటూ వచ్చింది. కాలం మారింది, నోళ్ళు తెరుచుకున్నాయి. జానారా అని ఒక పాతికేళ్ళ పిల్ల, కళలమీద పత్రికల్లో రాసేది, నాటకశాలలో ముసలి విద్యుత్తు పనివాడెవరో చెప్పగా విని సైరాకాన్ గది తలుపు తట్టింది, వస్తూనే ఎజే అని, అక్కని పిలిచినట్టు పిలిచింది. అప్పటికి ఆవిడ పింఛను తీసుకుంటోంది.

“ఎజే, మీరు ఇరవై ఏళ్ళుగా రహస్యంగా వేస్తున్నారట కదా. నిజమేనా?”

“ఎవరన్నారు?”

“ఎవరంటే ఏంటి, ఇప్పుడు ఎవరికీ భయపడక్కర్లేదు. మే నెలలో హాలు మొత్తం మీకే ఇప్పిస్తా. ఎన్నున్నాయి?”

సైరాకాన్ టీ పోస్తూ పోస్తూ ఆగిపోయింది. “హాల్లో గోడ ఎంత పొడుగు?” అని అడిగింది. తర్వాత ఒక్కతే వెళ్ళి ఆ గోడని అడుగులతో కొలిచి వచ్చింది. రెండు వరసలుగా వేస్తే ముప్ఫై ఒకటీ పడతాయి. దారంతా తనలో తను నవ్వుకుంటూ నడిచిందని ఆ వీధి రొట్టెలమ్మే ఆవిడ తర్వాత చెప్పింది.

చలికాలం ఊరి దారిలోని కనుమ మంచుతో మూసుకుపోతుంది కాబట్టి ఏప్రిల్‌లో వెళ్ళి తెచ్చుకుందామనుకుంది. ఊరికి ఉత్తరం రాసింది. తల్లికి చదవడం రాదు, చదివి వినిపించేది జీనప్. కాబట్టి ఆరోగ్యం జాగ్రత్తనీ, ఏప్రిల్‌లో వస్తాననీ, వచ్చాక ఒక మంచి మాట చెబుతాననీ రాసి ఊరుకుంది. పెట్టెలో నా బొమ్మలున్నాయి, ముట్టుకోకండి అని ఇంకొక్క వాక్యం రాస్తే పోయేది. భయపడాల్సిన రోజులు పోయాయని జానారా చెప్పింది, ఆవిడా నమ్మింది, కానీ ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు.

ఫిబ్రవరిలో అసనాలి రాసిన జాబులో అమ్మకి కాస్త నలతగా ఉంది, కంగారు పడకు అని ఉంది. దూరాన ఉన్నవాళ్ళకి చెడ్డకబురు ఒక్కసారిగా చెప్పకూడదని అక్కడివాళ్ళ పట్టింపు. నలత అంటే పక్షవాతమని, కుడివైపు పడిపోయి మాట పోయిందని ఆ కాగితంలో ఎక్కడా లేదు. మార్చి మొదటివారంలో వెంటనే రమ్మని తంతి వచ్చింది. ఆ మాటకి అర్థం తెలియనంత పసిపిల్ల కాదు సైరాకాన్.

డోలోన్ కనుమ దగ్గర మంచు విరిగిపడి దారి మూసుకుపోయింది. రెండు రోజులు లారీ డ్రైవర్ల పొయ్యి దగ్గర కూర్చుంది. ఊళ్ళో ఆవిడకోసం శవాన్ని మూడు రోజులు ఉంచారు. నాలుగో రోజు ఇక ఉంచలేక ఎత్తారు. ఆవిడ టెరెక్‌బులాక్ చేరేసరికి మగవాళ్ళంతా శ్మశానానికి వెళ్ళారు, వాకిట్లో వేసిన తెల్లటి గుడారం దగ్గర ఆడవాళ్ళు మాత్రం ఉన్నారు.

చావింటికి దూరంనుంచే ఏడుస్తూ రావడం ఆచారం. ఆవిడ ఏడుస్తూనే వచ్చింది. గుడారం దాకా వచ్చాక చర్రుమని ఒక చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంకోటి. గుడారం పక్కన తివాచీ మీద నలుగురు పెద్దావిడలు కూర్చుని, పంటితో అంచు తుంపి, రెండు చేతులతో గుడ్డ చించుతున్నారు. జిర్తిష్‌కి కత్తెర వాడరు. వాళ్ళ ఒళ్ళో పసుపూ బూడిదా కలిసిన గుడ్డ ఉంది. పక్కన ఎర్రవి, నీలివి, జానెడేసి ముక్కలుగా దొంతరలు పేర్చి ఉన్నాయి. పెట్టె మూత తెరిచి ఉంది. లోపల అడుగు కనిపిస్తోంది.

సైరాకాన్ నోరు తెరిచింది. ఆగండి అనడానికే తెరిచింది. అంతలో జీనప్ పరుగెత్తుకొచ్చి ఆవిడని వాటేసుకుంది.

“వదినా! నీకోసం ఎంత చూశామో వదినా! అమ్మ వెళ్ళిపోయింది!” ఏడుస్తూనే చెవిలో, “చూశావా అమ్మ ఎంత దాచిందో! తెల్లగుడ్డ కింద ముప్ఫై తానులు, అన్నీ రంగులవే! ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇలాంటి జిర్తిష్ ఎవరూ చూడలేదంట. మూడొందల మంది వచ్చారు, ఒక్కరినీ ఒట్టి చేతులతో పంపలేదు వదినా, ఒక్కరినీ!”

చించుతున్న పెద్దావిడల్లో ఒకావిడ లేచి వచ్చి, చేతిలో ఉన్న ముక్కని రెండు చేతులా సైరాకాన్‌కి అందించింది. “తీసుకో తల్లీ. మీ అమ్మంత ఆయుష్షు నీకూ రావాలి.” అది బూడిదరంగు పసుపులోకి వెనక్కి తగ్గే చోటు.

చచ్చినవాళ్ళ పేర ఇచ్చినదాన్ని వెనక్కి ఇమ్మని అడిగేవాళ్ళు ఉంటారా? అడిగితే ఆ ఆయుష్షుని గుంజుకున్నట్టే. పసిపిల్లల చొక్కాలమీంచి, ముసలివాళ్ళ కొంగులమీంచి గుంజుకున్నట్టే. తల్లి మట్టి ఇంకా ఆరలేదు. సైరాకాన్ ఆ ముక్క తీసుకుని నుదుటికి ఆనించుకుంది. గుడారంలోకి వెళ్ళి, ఆడవాళ్ళ పక్కన గోడవైపు తిరిగి కూర్చుని, నడుం మీద చేతులు పెట్టుకుని శోకాలు అందుకుంది.

“నా ఎర్రదానా, నీకు అంచు దొరకలేదే,
నా నీలిదానా, నిన్ను ఎవరు చూశారే,
దూరంగా నిలబడి చూద్దామనుకుంటినే,
నేను వచ్చేసరికి నువ్వు ముక్కలైతివే!”

అంత గొప్పగా శోకం పెట్టిన కూతురిని చూడలేదని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఎర్రదానా, నీలిదానా అంటే అమ్మ కట్టుకున్న బట్టలనుకున్నారు. ఏడుస్తున్నది ఎవరికోసమో సైరాకాన్‌కే తెలియలేదు. కాసేపు అమ్మకోసం, కాసేపు గుడ్డలకోసం. గుడ్డలకోసం ఏడుస్తున్నానని తట్టినప్పుడల్లా సిగ్గేసి, అమ్మ పేరు పెట్టి ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి గొంతు పోయింది.

పట్నం వచ్చి జానారాతో లేవు అంది.

“లేవంటే? దొంగిలించారా? కాలిపోయాయా?”

“లేవు.”

“ఒక్క ఫోటో అయినా?”

“లేదు.”

జానెడు ముక్క చూపించింది. జానారా దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పాపం, మంచి పిల్లే. “రంగు చాలా బాగుంది ఎజే,” అంది. “కానీ దీన్నిబట్టి ఏం రాయను?” మే నెలలో ఆ గోడకి ఇంకొకరి బొమ్మలు వేలాడాయి. సైరాకాన్ కూడా వెళ్ళింది. నాటకశాలలో తనతో పనిచేసిన ఒకాయన, ఆవిడ వెనకే ఉందని చూసుకోకుండా, “ఇన్నేళ్ళూ గొప్పలు పోయిందిరా, రహస్యంగా వేస్తున్నానని. గోడ ఇస్తామనేసరికి తోక ముడిచింది. వేస్తే కదా ఉండటానికి!” అన్నాడు. ఆవిడ ఎవరితోనూ గొప్పలు పోలేదు. ముందుకెళ్ళి సమాధానం చెబుదామనుకుంది గానీ, చూపించడానికి ఏముంది? కోటు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆ ఏడాదంతా కుంచె పట్టలేదు. పట్టకపోగా ఒక ఆలోచన పట్టుకుంది. సంవత్సరీకానికి ఊరంతా మళ్ళీ ఒకచోట చేరుతుంది. అప్పుడు జీనప్‌కి నిజం చెప్పాలి. జీనప్ అడిగితే ఎవరూ కాదనరు. ముక్కకి బదులు కొత్త పట్టుగుడ్డ ఇచ్చి, సగమైనా వెనక్కి తెచ్చుకుని, అతికి కుట్టుకుంటే, కనీసం పదకొండోదీ ఇరవయ్యోదీ పక్కపక్కన చూడొచ్చు. దాచుకున్న డబ్బంతా పెట్టి పట్టు కొంది.

ఊళ్ళో అడుగు పెట్టగానే తన బొమ్మలు ఎదురొచ్చాయి. పక్కింటి పిల్లవాడి చొక్కా మోచేతికి నీలం. గుర్రం మీద పోతున్న ముసలాయన చేతి సంచికి ఎరుపు. ఒక ఉయ్యాలకి కట్టిన అతుకుల దుప్పటిలో నాలుగు రకాల బూడిదరంగులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా. బిడ్డ తల్లి మురిసిపోతూ, “మీ అమ్మగారిదే. వీడికి ముందు ఇద్దరు పోయారు, వీడు నిలిచాడు,” అంది. సైరాకాన్ బిడ్డ బుగ్గ తాకి ముందుకు నడిచింది. ఈ ముక్కలు వద్దులే, మిగతావి అడుగుదాం అనుకుంది.

సంవత్సరీకానికి ముందురోజు మధ్యాహ్నం వంటపాకలో ఇద్దరే ఉన్నారు. జీనప్ పెద్ద కళాయిలో పిండిముక్కలు వేయిస్తోంది, సైరాకాన్ పిండి కోస్తోంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఆవిడ కత్తి కింద పెట్టింది.

“జీనప్, అమ్మ పెట్టెలో ఆ రంగుగుడ్డలు ఉన్నాయి చూడు…”

“అయ్యో వదినా, నీకు చెప్పనేలేదు కదూ!” జీనప్ గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. “చివరి పదకొండు రోజులూ అమ్మ ధ్యాసంతా ఆ పెట్టెమీదే. మాట పోయింది కదా, ఎడం చెయ్యి ఎత్తి పెట్టెవైపే చూపించేది. రోజుకి పదిసార్లు. తెరవమంటుందేమోనని నేను తాళం తియ్యబోతే చెయ్యి పట్టుకు లాగేసేది. మూసేస్తే మళ్ళీ చూపించేది. చూడలేకపోయాం వదినా. ఆఖరికి మీ తమ్ముడూ నేనూ పక్కన కూర్చుని, మాకు తెలిసిందమ్మా, నువ్వేం దిగులు పడకు, అందులో ఉన్న ప్రతి గుడ్డా చించి పంచేస్తాం, ఒక్క పోగు కూడా మిగుల్చుకోం అని ఖురాన్ మీద ఒట్టేశాం. అప్పుడు చూడాలి వదినా, అమ్మ కళ్ళవెంట ధారగా నీళ్ళు! నోరు తెరిచి ఏదో శబ్దం చేసింది, నా చెయ్యి పట్టుకుని వదలదే! మమ్మల్ని దీవిస్తోందని మీ తమ్ముడు కూడా ఏడ్చేశాడు. ఆ తెల్లారే పోయింది. మేం ఒట్టు నిలబెట్టుకున్నాం. ఆ ఒక్క తృప్తి చాలు వదినా నాకు, బతికినంతకాలం.”

కళాయిలో నూనె చిటపటలాడుతోంది. ఏడాదిగా సైరాకాన్ లోలోపల తల్లిమీద కోపం పెట్టుకుంది, ఇంత దాచినదానివి పోయేముందు ఒక్క ముక్క చెప్పలేకపోయావా అని. ఆ కోపం ఇప్పుడు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అమ్మ చెప్పింది. పదకొండు రోజులు చెప్పింది. అన్నీ చించేస్తామన్న మాట చెవులారా విని, వద్దనలేక, అది తెలిసే పోయింది.

“ఏదో చెప్పబోయావు వదినా?” అంది జీనప్. సెగకి ఎర్రబడిన ముఖంలో ఆ తృప్తి ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు నిజం చెబితే ముక్కలు తిరిగొస్తాయి. కానీ చివరి రోజున అత్తగారికి తను చేసిందేమిటో కూడా ఈ పిల్లకి తెలుస్తుంది. తెలిశాక ఆ చేత్తో ఇక అన్నం తినగలదా?

“ఏం లేదు. ఆ గుడ్డలు అమ్మ ఎప్పుడు కొందో అడుగుదామని.”

“ఏమో వదినా, అడిగితే నవ్వేది. ఎవరు వేశారో గానీ ఎంత మంచి రంగులో, ఉతికినా పోవట్లేదు.”

“అవును,” అంది సైరాకాన్. “అమ్మ సంతోషంగా పోయిందన్నమాట.”

“సంతోషంగానే పోయింది వదినా.”

సైరాకాన్ కత్తి అందుకుని మిగతా పిండి కోసింది. తెచ్చిన పట్టు మర్నాడు, తల్లి పేరు చెప్పి, ఊరివాళ్ళకి ఊరికే పంచేసింది.